జెల్ల నోట్లోని గుడ్లు

జోహరాబీ తన చేత్తో నీళ్ళలోకి వదిలిన ఆ గుడ్లలో ఒక్కటైనా పిల్లై ఈదిందా? నాకు ఇప్పటికీ తెలియదు. హేమశ్రీని అడిగితే "చెప్పలేం తాతయ్యా" అంటుంది. చదువుకున్నవాళ్ళు చెప్పలేం అన్నారంటే అందులో సగానికి పైగా "లేదు" అనే ఉంటుంది. మిగిలిన ఆ కాస్తనీ పట్టుకునే నేనిది రాస్తున్నాను.

హేమశ్రీ మా తమ్ముడి మనవరాలు. చేపల మీద పరిశోధన చేస్తోంది. చీరాలకు కాస్త దూరంలో, పై ఊళ్ళ మిరప చేలూ పత్తి చేలూ తడిపిన నీళ్ళన్నీ మురుగుకాలవలో పడి వచ్చి సముద్రంలో కలిసే చోట, నీటి అడుగున గడ్డి మడులు మడులుగా ఉంది. మా చిన్నప్పటి నుంచీ మేం దాన్ని నాచు అనే అనుకున్నాం.

"నాచు కాదు తాతయ్యా, అసలు సిసలు గడ్డే. వేరుంది, పువ్వు పూస్తుంది, గింజ వేస్తుంది. ఉప్పునీళ్ళలో కాపురం పెట్టిందంతే" అంది వచ్చిన రోజునే.

ఆ గడ్డిలో ఏ చేప ఏం తింటుంది, ఎప్పుడు గుడ్డు పెడుతుంది, పిల్లలు ఎక్కడ దాక్కుంటాయి, ఇదీ ఆ పిల్ల చదువు. దానికోసం ఆ చలికాలం మా ఇంట్లో దిగింది. నేను చేనేత సంఘంలో గుమాస్తాగా పనిచేసి, ఆ తర్వాత పొద్దస్తమానం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న మనిషిని. వెనక వసారాలో సీసాలూ ట్రేలూ వచ్చి చేరేసరికి పుస్తకాలన్నీ ముందు గదిలోకి జరిగాయి.

చేప ఏం తిన్నదో తెలియాలంటే దాని కడుపు కోసి చూడాలి. రోజుకు అన్నేసి చేపలు కొయ్యడం ఈ పిల్ల వల్ల కాదు. చేపల మార్కెట్లో వాకబు చేస్తే, చెయ్యి వేగం ఉన్న మనిషి కావాలంటే జోహరాబీయే అన్నారు. మర్నాడు తన కత్తిపీట తానే చంకన పెట్టుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి. సన్నగా, చింతబరికెలా ఉంది. గడప దాటకుండానే హేమశ్రీని ఎగాదిగా చూసింది.

"ఏం పాపా, నీకు చేపల పేగులు కావాలంట, మాంసం వొద్దంట? మీ అమ్మ నీకు కూర వొండటం నేర్పలేదా?"

"కూరకి కాదాంటీ. లోపల ఏముందో చూడాలి."

"లోపలేముంటది? పెంటే ఉంటది."

"ఆ పెంటే నాకు కావాలి."

జోహరాబీ నా వైపు తిరిగింది. "సారూ, ఈ పిల్లకి పెళ్ళి చెయ్యండి, తొందరగా."

అలా మొదలైంది. వారంలో రెండు మూడు పొద్దులు ఆమె కాలవ సముద్రంలో కలిసే మొగకు వెళ్ళి, అక్కడ వల వేసే సాల్మన్ అనే అతని దగ్గర గడ్డిలో పడ్డ చేపలు ఏరి తెచ్చేది. మా వసారాలో కుళాయి పక్కన కూర్చుని కోసేది. కడుపులు హేమశ్రీ సీసాల్లోకి, మాంసం జోహరాబీ గిన్నెలోకి.

మొదటి రోజే ఒక మాట గట్టిగా చెప్పింది. "గుడ్డున్న చేప మీద నేను కత్తి పెట్టను పాపా. ముందే చెబుతున్నా. మా ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లుంది."

ఆ పిల్ల ఆమె కోడలు ఉజ్మా. కొడుకు యూసుఫ్ చీమకుర్తిలో గ్రానైటు పలకలు పాలిషు పట్టే చోట పని. నెలకోసారి వస్తాడు. ఉజ్మాకి అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఐదో నెల. ఈ సంగతి జోహరాబీ దాచుకునేది కాదు. కూరగాయల బండివాడికీ చెప్పేది, కరెంటు బిల్లు కొట్టే మనిషికీ చెప్పేది. చెప్పి, "ఈసారి నిలబడాలి, మీరు గూడా మనసులో అనుకోండి" అనేది. పదిమంది నోళ్ళు కలిస్తే ఆ బిడ్డకు ఆసరా దొరుకుతుందని ఆమె నమ్మకం. తమవాళ్ళ ఇళ్ళలో నీళ్ళోసుకున్న కోడలుంటే గుడ్డున్న దేన్నీ కొయ్యరట, పగలగొట్టరట. కోడిగుడ్డు కూడా పక్కింటివాళ్ళ చేత కొట్టించుకునేదట. హేమశ్రీ సరేనంది. గుడ్డున్న చేపల్ని సాల్మన్ వేరే బుట్టలో పంపేవాడు, వాటిని ఆ పిల్లే కోసుకునేది. ఆ పనప్పుడు జోహరాబీ ముందు గదిలోకి వచ్చి, నా పుస్తకాల బీరువా వైపు మొహం పెట్టి కూర్చునేది.

అలా కూర్చున్నప్పుడే ఆమె బతుకు కొంచెం కొంచెంగా విన్నాను. పుట్టింది ఇంకొల్లు అవతల పల్లెలో. ఎనిమిదేళ్ళప్పటి నుంచి మిరపకాయల కోతకు పోయింది. "చేతులు ఎట్టా మండేయంటే సారూ, రాత్రిళ్ళు కుండనీళ్ళలో పెట్టుకు పడుకునేదాన్ని. పెళ్ళిచూపులకొస్తే ఆయన చేపల సైకిలు మనిషని చెప్పారు. చేపంటే చల్లగా ఉంటది గదా, సరే అన్నా." ఆయన, అంటే సిలార్, కామెర్లొచ్చి పోయాక ఆమె మార్కెట్లో కత్తిపీట వేసుకు కూర్చుంది. మిరప చేలు వదిలి అన్నేళ్ళయినా ఒక అలవాటు పోలేదు. కన్ను దురద పెట్టినా, నీళ్ళొచ్చినా అరచెయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. మోచేతి పైభాగంతో తుడుచుకునేది.

నా సంగతి ఏమిటంటే, సన్న అక్షరాలు చదవడానికి వాడే భూతద్దం ఒకటి ఉంది నా దగ్గర. హేమశ్రీ ఒకరోజు దాన్ని అడిగి పుచ్చుకుని చేప కడుపు మీద పట్టింది. నేనూ వంగి చూశాను. అంత చిన్న సంచిలో ఎంత ఊరుందో! పీతకాళ్ళు, రొయ్యపొట్టు, గింజంత నత్తగుల్లలు, దారప్పోగుల్లాంటి పురుగులు. గడ్డిలో ఉంటాయి కాబట్టి చేపలు గడ్డే మేస్తాయనుకున్నాను. అలా మేసేవి తక్కువట. గడ్డి ఆకుకు పట్టిన పాచినీ, ఆ పాచి మీద బతికే పురుగుల్నీ, ఆ పురుగుల్ని తినే రొయ్యల్నీ మిగతావి తింటాయట. గడ్డి ఏమో వీటన్నిటికీ నీడా, ఇల్లూ.

"అంటే గడ్డి వొంటిల్లు గాదు, పెరడన్న మాట" అంది జోహరాబీ.

ఇంకోరోజు పండుగప్ప పిల్ల వచ్చింది. ఆ చేప చిన్నప్పుడు మగదిగా ఉండి, పెద్దయ్యాక ఆడదవుతుందని హేమశ్రీ చెప్పింది. జోహరాబీ కత్తి ఆపి ఆలోచించింది.

"తెలివిగల్లది. అంట్లు తోమే వయసంతా మగాడిగా గడిపేసి, కోడలొచ్చే వయసుకి అత్తయి కూర్చుంటది."

ఆ వసారాలో నేను నవ్విన నవ్వులు నా ఉద్యోగం మొత్తంలోనూ నవ్వలేదు.

మాఘం దాటాక ఒక చిక్కు వచ్చింది. జెల్లలని ఉంటాయి, పొలుసు లేకుండా, మూతికి మీసాలతో, పక్కన ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాచిపోయే చేపలు. అవి దేన్నయినా తినే రకం. అలాంటిది వరసగా వచ్చే జెల్లల్లో చాలా వాటికి కడుపు ఖాళీ. ఖాళీ అంటే ఉత్తి ఖాళీ, ఎండిన తోలు సంచిలా. ఒంట్లో కొవ్వు కూడా లేదు. హేమశ్రీ ముందు ఆశ్చర్యపడింది, తర్వాత దిగులు పడింది. ఆ ఏడు పై ఊళ్ళలో మిరపకు నల్ల తామర పురుగు బాగా పట్టింది. రైతులు మందు మీద మందు కొట్టారు. డ్రమ్ములు కడిగిన నీళ్ళన్నీ కాలవలోకే.

"వీటికి ఆకలి చచ్చిపోయింది తాతయ్యా. పైనుంచొచ్చే మందే అయ్యుంటుంది. మా గైడుకి రాసేస్తాను" అంది ఒక పొద్దున, సీసా ఎత్తి వెలుతురులో చూస్తూ.

జోహరాబీ కత్తి ఆగిపోయింది. "మందా?"

"అనుకుంటున్నానాంటీ. ఇంకా తేలలేదు."

"మా ఉజ్మా రోజూ ఈ జెల్ల పులుసే తింటంది. ముల్లు తక్కువని నేనే పెడతన్నా."

ఆమె చేతులు కడుక్కుని, గిన్నెలో మాంసం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉజ్మాని ఆస్పత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేయించిందట. బిడ్డ బాగుందన్నారు. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. ఆ సాయంత్రం బుట్ట లేకుండా వచ్చి వసారా మెట్టు మీద కూర్చుంది. రాత్రంతా ఆలోచించి దాచిపెట్టుకున్న ప్రశ్న ఒకటి బయటికి తీసింది.

"పాపా, ఒకటి చెప్పు. మందుకి ఆకలి చచ్చిందంటన్నావే, మరి ఆ దొంగముండ గుడ్లెందుకు మింగుతంది?"

"ఏ గుడ్లు?"

"నోటినిండా ఉంటాయి గదా. చిన్న రేగిపళ్ళంత, పచ్చగా. ఎవరి గుడ్లో ఏమో, దొంగ జెల్ల నోట్లో కుక్కుకుంటది. మా మార్కెట్లో అందరికీ తెలుసు గదా దాని బుద్ధి."

హేమశ్రీ లేచి నిలబడింది. "ఆంటీ, నేనొక్కసారి కూడా చూళ్ళేదే?"

"ఎట్టా చూస్తావు? మొగ దగ్గరే నోట్లో వేలు పెట్టి మొత్తం తీసి నీళ్ళలో వొదిలేసి అప్పుడు తెస్తన్నా. కడుపులో లేవు గదా, కొయ్యొచ్చు." ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి అంది. "ఎవరి బిడ్డలైనా బిడ్డలే గదా పాపా. దొంగ నోట్లోంచి తీసి కాపాడితే ఆ పుణ్యం మా ఉజ్మా కడుపుకి తగులుద్దని."

హేమశ్రీ మొహం ఒక్కసారిగా వెలిగింది. ఇన్నాళ్ళ చిక్కు విడిపోయిన వెలుగు అది. అది నేను చూశాను. వెంటనే ఆ వెలుగు ఆరిపోవడమూ చూశాను. ఎందుకంటే ఇప్పుడా మాట ఈమెకు చెప్పాలి.

చెప్పింది. మెట్టు మీద పక్కన కూర్చుని, మెల్లగా చెప్పింది. ఆ గుడ్లు దొంగిలించినవి కావు. ఆ చేపవే. నోటినిండా గుడ్లున్న జెల్ల మగది. ఆడది గుడ్లు పెట్టి పోతే మగది వాటిని నోట్లోకి తీసుకుని, పిల్లలై ఈత నేర్చేదాకా వారాల తరబడి మోస్తుంది. నోట్లో బిడ్డలుంటాయి కాబట్టి ఏమీ తినదు. అందుకే కడుపు ఖాళీ. మందు వల్ల కాదు. ఉజ్మాకి భయం లేదు.

చివరి మాట జోహరాబీకి వినపడిందో లేదో.

"తండ్రా?" అంది. "తండ్రి నోట్లోంచి లాగానా నేను?"

"మీకు తెలియదు కదాంటీ."

"నీళ్ళలో వొదిలితే బతుకుతాయా?"

హేమశ్రీ నా వైపు చూసింది. అబద్ధం ఆడమని నేను కళ్ళతోనే బతిమాలాను. ఆ పిల్ల ఆడలేదు. "చెప్పలేనాంటీ. నోట్లో ఉంటేనే వాటికి గాలి సరిగా ఆడుతుంది" అంది.

జోహరాబీ తన వేళ్ళ వైపు చూసుకుంది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. లేచి, కత్తిపీట కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

"ఎందుకు చెప్పావే తల్లీ?" అన్నాను ఆమె వెళ్ళాక.

"చెప్పకపోతే రేపు మళ్ళీ తీస్తుంది కదా తాతయ్యా" అంది హేమశ్రీ.

తర్వాత చాలా రోజులు ఆమె రాలేదు. మార్కెట్లోనూ కనపడలేదు. ఉజ్మాకి కాస్త నడుం నొప్పి వచ్చినా, కాలు వాచినా జెల్లల ఉసురే అనుకుని కుమిలిపోతోందని పక్క కత్తిపీట ఆవిడ చెప్పింది. నేను వెళ్ళి ఏదో ఒకటి చెబుదామని రెండుసార్లు చొక్కా తొడుక్కుని, ఏం చెప్పాలో తెలియక మళ్ళీ విప్పేశాను. అంతలో రంజాన్ ఉపవాసాల నెల మొదలైంది. ఒక పొద్దున గేటు చప్పుడైంది. జోహరాబీ, చేతిలో పెద్ద ప్లాస్టిక్ టబ్బుతో.

"పాపా, పద మొగకి. నోరు తెరిచి చూస్తే చాలు గదా నీకు? కొయ్యాలా?"

"చూసి లెక్కపెట్టుకుంటే చాలాంటీ" అంది హేమశ్రీ, చెప్పులు వెతుక్కుంటూ.

"నీళ్ళలోనే ఉంచి చూద్దాం. చూసి వొదిలేద్దాం. సారూ, మీరూ రండి, గొడుగు తెచ్చుకోండి."

ఆ నెలంతా మా పని అదే. వల పైకి తీయగానే జోహరాబీ నీళ్ళు నింపిన టబ్బులో జెల్లను దింపేది. ముల్లు గుచ్చుకోకుండా తల వెనక ఎలా పట్టుకోవాలో ఆ చేతులకు తెలుసు. కింది దవడను బొటనవేలితో ఇంతంటే ఇంత దించేది. హేమశ్రీ ఫోనుతో ఫొటో తీసేది. పసుపుపచ్చ గుడ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని, కొన్నిటి మీద నల్లగా కన్నుచుక్క. నేను గట్టున గొడుగు కింద కూర్చుని భూతద్దం అందిస్తూ ఉండేవాణ్ణి. కొన్ని జెల్లలు బెదిరి గుడ్లు ఉమ్మేసేవి. అప్పుడు చేపనూ గుడ్లనూ కలిపి టబ్బుతోనే గడ్డిలోకి వంచేది. మళ్ళీ నోటికి తీసుకున్నాయో లేదో, ఆ బురదనీళ్ళలో మాకు కనపడేది కాదు.

సాల్మన్‌కి ఇదంతా వేడుక.

"ఏం బూబమ్మా, జెల్లలకి పురుడు పోస్తన్నావా?"

"పోస్తా. ఒరేయ్ సాల్మన్, నీకు ముగ్గురు బిడ్డలు గదా, ఒక్కపూటన్నా ఎత్తుకున్నావంట్రా? దీన్ని చూడు."

"ఎత్తుకుంటే ఆకలేస్తది బూబమ్మా."

"దీనికి ఆకలే లేదనుకున్నావా? నేను రోజా, ఇదీ రోజా. నాకు సాయంత్రం మసీదులో బాంగు వినపడంగానే ఖర్జూరం ఉంది. దీనికి ఎన్ని సాయంత్రాలో."

సాల్మన్ నవ్వాడు గానీ, ఆ తర్వాత నోరు నిండిన జెల్ల పడితే మేం లేని రోజు కూడా నీళ్ళలోకే తోసేవాడని హేమశ్రీ చెప్పింది. గైడుకి రాయబోయిన మందు మాట ఆ పిల్ల కొట్టేసింది. మందు సంగతి వేరే తేల్చాలి, ఖాళీ కడుపులకు మాత్రం అది కారణం కాదని రాసింది.

ఒకరోజు గట్టు మీద నుంచే జోహరాబీ కొడుక్కి ఫోను చేసింది. వీడియోలో జెల్ల నోరు చూపించింది. "ఒరే యూసుఫా, చూశావంట్రా? ఇది చేప. మాట రాదు, చదువు లేదు. బిడ్డల్ని వొదిలి ఒక్క అడుగు పోటం లేదు. నువ్వేమో నెలకోసారి వొచ్చి బిర్యానీ తిని పోతావు." అవతల వాడు ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆమె మాత్రం చాలాసేపు ఊఁ కొడుతూ విన్నది. ఫోను పెట్టేసి, "రాళ్ళ దుమ్ముకి దూరంగా గది చూస్తాడంట. కానుపయ్యాక అందరం ఒక్కచోటే అంటన్నాడు" అని మళ్ళీ టబ్బు వైపు వంగింది.

వేసవి ముదిరాక ఉజ్మాకి నొప్పులొచ్చాయి. నిలబడింది. ఆడపిల్ల. నేనూ హేమశ్రీ ఆస్పత్రికి వెళితే, జోహరాబీ మంచం పక్కన గోడకు చేరగిలబడి ఉంది. నన్ను చూసి, పలకరింపు లేదు ఏమీ లేదు, బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"బరువు చూడు సారూ" అంది. ఎప్పుడూ మీరనే మనిషి నువ్వంది. నాకది బాగుంది.

చూశాను. నా అరచేతుల్లోకి వచ్చేసరికి ఆ పిల్ల ఆవలించింది. నోరంతా లేత గులాబీ రంగు. హేమశ్రీ ఏడ్చింది. జోహరాబీ ఏడవలేదు, "పాపా, కడుపు నిండుగా ఉంది, రాసుకో" అని ఎగతాళి చేసింది.

ఆమె వల్ల నాకు ఏం కలిగిందో వరుస పెట్టి చెప్పలేను. పుస్తకంలో చదివిన సంగతి చదివినట్టే ఉండిపోతుంది నాలాంటివాడికి. ఆమె మాత్రం నమ్మింది తప్పని తెలిసిన తర్వాత ఇంట్లో కూర్చుని ఏడ్చి, అక్కడితో ఆగక, టబ్బు పట్టుకుని మళ్ళీ నీళ్ళ దగ్గరికే వచ్చింది. ఎన్నో ఏళ్ళు కాలవ పక్కన బతికిన నన్ను అదే కాలవ ఒడ్డున కూర్చోబెట్టి నీళ్ళలోకి చూడమంది. ఈ వయసులో నన్ను పనికి పిలిచినవాళ్ళు ఇంకెవరున్నారు? ఈ కృతజ్ఞత ఆమె ముఖాన చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఏదో ఒక హాస్యమాడి నా నోరు మూయించేది.

హేమశ్రీ సీసాలు సర్దుకుని యూనివర్సిటీకి వెళ్ళిపోయింది. ఆషాఢం చివర్లో ఒకరోజు లైబ్రరీ నుంచి వస్తూ రైలు గేటు దగ్గర ఆగాను. గేటు పడి ఉంది. పట్టాలకు అవతలి పక్కన, సైకిళ్ళ మధ్య, ఆటోల మధ్య ఇరుక్కుని, సామాను వేసిన ట్రాలీ ఆటో ఒకటి అటు మొహం తిప్పుకుని నిలబడి ఉంది. మంచం, గ్యాసు బండ, మూటలు. ముందు యూసుఫ్, పక్కన ఉజ్మా. వెనక మూటల మధ్య జోహరాబీ, ఒళ్ళో పిల్ల. చీమకుర్తికి వెళుతున్నారని అప్పుడు అర్థమైంది నాకు. ఏ రోజో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

చెయ్యెత్తాను. పిలుద్దామనుకున్నాను. అంతలో రైలు కూత వేసింది. పిల్ల ఉలిక్కిపడింది కాబోలు, జోహరాబీ రెండు అరచేతులతోనూ దాని చెవులు మూసి, మొహం మీదికి వంగిపోయింది. నా ముందు నుంచి పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. అవన్నీ దాటాక చూస్తే ఆటో కదిలి ఉంది. ఆమె ఇంకా అలాగే వంగి, పిల్ల చెవుల మీద నుంచి చేతులు తియ్యకుండా, అలానే వెళ్ళిపోయింది.